వెలగకూడని కంప్యూటర్లు

2004 జూన్‌లో నన్ను విశాఖపట్నంలోని ఒక పాలిటెక్నిక్‌కి ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. ల్యాబ్ ఇన్‌ఛార్జి బాధ్యత కూడా నాకే ఇచ్చారు. అంటే ల్యాబ్‌లోని ప్రతి వస్తువుకూ జవాబుదారీ నేనే. అలా నా నెత్తికెక్కినవే స్టోర్‌రూమ్‌లో దుమ్ము కొట్టుకుపోయిన డజను హోమ్ కంప్యూటర్లు. ఎనభైలలో వచ్చినవి. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడి ఉంటుంది, టీవీకి తగిలించి వాడాలి. అన్నిటికీ పవర్ సప్లైలు పోయాయి.

ఇంతలో కొత్త కంప్యూటర్ ల్యాబ్ మంజూరు విషయమై తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. స్టాకులో ఉన్న యంత్రం పనిచేస్తూ ఉండాలి, లేదంటే కండెమ్ చేయించాలి. అంటే పనికిరాదని పై ఆఫీసు చేత ఒప్పించి కొట్టేయించాలి. దానికి ఏళ్లు పడతాయి. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, బృందానికి చూపించడానికి ఒకటో రెండో వెలిగేలా చూడమన్నారు.

నాకు తోడు నూకరత్నం. జాలరిపేట అమ్మాయి, డిప్లొమా చదివి కాంట్రాక్టు మీద ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తోంది. కొత్త ల్యాబ్‌తో పాటు ఒక పర్మనెంటు పోస్టు వస్తుందనీ, అది ఆమెకేననీ ప్రిన్సిపాల్ గారే మాటిచ్చారు.

మామూలు పీసీలకు వాడే సప్లైలు ద్వారకా నగర్‌లో కొన్నాం. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే గాని అవి ఆన్ కావు. లోడు చాలకపోతే వోల్టేజి నిలవదు కాబట్టి ఒక రెసిస్టర్ తగిలించాం. అసలు చిక్కు మైనస్ ఐదు వోల్టులతో. పాత మెమరీ చిప్పులకు అది తప్పనిసరి. కొత్త సప్లైల్లో ఆ లైనే తీసేశారు. మైనస్ పన్నెండు లైను నుంచి చిన్న రెగ్యులేటర్‌తో దాన్ని తయారుచేసుకున్నాం. మొదటి మెషీన్‌లో ఆ వైరు టంకం ఊడింది. మిగతా వోల్టేజీలు వచ్చి అదొక్కటీ రాకపోతే చిప్పులు కాలిపోతాయి. కాలిపోయాయి.

"పోనాయి సార్," అంది నూకరత్నం, చిప్పు మీద వేలు పెట్టి చూసి. "దీన్లో సామాను ఇప్పేసి మిగతావోటికి ఏద్దాం. ఒకటీ రెండూ ఏటి సార్, అన్నీ ఎలిగించేద్దాం. నా పోస్టుకి ఎవలూ అడ్డం సెప్పకూడదు."

ఆ ఒక్కటి తప్ప అన్నీ వెలిగించాం.

తనిఖీ రోజున పిల్లలు వాటి మీద ప్రోగ్రాములు రాస్తున్నారు. బృందం నాయకుడు ఒక కీబోర్డు ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. మా ఇద్దర్నీ పేరుపేరునా మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం నూకరత్నం స్టాఫ్‌కంతా మిఠాయి పంచింది.

రిపోర్టు వచ్చింది. బోధనకు సరిపడా కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నందున కొత్త ల్యాబ్ తక్షణావసరం లేదు. ల్యాబ్ మరో ఊరికి పోయింది.

"ఒకటో రెండో అన్నాను కదండీ. అన్నీ బాగుచెయ్యమని మిమ్మల్నెవరు అడిగారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఈ కాలపు సిలబస్‌కి అవి చాలవని పైకి రాద్దామన్నాను. చిత్తు కూడా రాసి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టలేదు. "పనిచేస్తున్నాయని చూపించిందీ మీరే, పనికిరావని రాయమనేదీ మీరేనా?" అన్నారు.

విద్యాసంవత్సరం చివర నూకరత్నం కాంట్రాక్టు పొడిగించలేదు. కొత్త ల్యాబే లేనప్పుడు అసిస్టెంటు దేనికన్నారు. తాళాలు అప్పజెప్పడానికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"పని రాకపోతే తీసేత్తారనుకున్నాను సార్. పనొచ్చినా తీసేత్తారేటి?"

తాళాలు తీసుకుని రిజిస్టర్‌లో రాసుకున్నాను. ఆమె గాజువాక వైపు ఏదో కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరిందని తరవాత తెలిసింది.

ప్రభుత్వ స్టోర్‌లో చెడిపోయి పడున్న వస్తువుతో కూడా ఎవరికో ఒకరికి అవసరం ఉంటుంది. అది నాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. మిగిలిన సర్వీసంతా ఏ యంత్రం ముందు కూర్చున్నా, ఇది పనిచేస్తే ఎవరి పని పోతుందో కనుక్కున్నాకే స్క్రూడ్రైవర్ పట్టాను.