సున్నా ఎత్తు చీరలు

వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్న కొత్తలో నాకు దొరికిన మొదటి పని, మా మరిపెడలో ఒక బట్టల దుకాణానిది. ప్రతి చీర ఫొటోనూ కొలిచి, సరిగ్గా అంత చట్రంలో చూపించేలా కోడ్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో అదిరిపోయింది! ప్రారంభం రోజు చుట్టాలందరి ముందు సేటు తన ఫోన్‌లో సైటు తెరిచాడు. ఒక్క చీరా లేదు!

"ఏంది బిడ్డా గిది? చీరలేడ పోయినయి?"

వెంటనే కోడ్ తెరిచాను. వెతికితే ప్రతి ఫొటో ఎత్తూ సున్నా! అదే మాట సేటుకు చెప్పాను. పక్కన జాకెట్ గుడ్డ కొలుస్తున్న వాళ్లమ్మ తలెత్తింది.

"విప్పకముందే కొలుస్తున్నవేమో సూడు బిడ్డా. మేమైతే బట్ట తాన్ విప్పినంకనే గజం కట్టె పెడ్తం."

ఎగిరి గంతేశాను! నా ల్యాప్‌టాప్‌లో ఫొటోలు ముందే డౌన్‌లోడ్ అయి ఉన్నాయి. ఫోన్‌లోనేమో అవి రాకముందే నా కోడ్ కొలిచేస్తోంది. 'పూర్తిగా వచ్చాకే కొలువు' అని మార్చానో లేదో, చీరలన్నీ తెర నిండా పరుచుకున్నాయి! అందరూ చప్పట్లు కొట్టారు.

నాకే సిగ్గేసింది. ఆ పొద్దున దుకాణంలో అందరికీ ల్యాప్‌టాప్‌లో సైటు చూపించాను, 'ఈమెకేం తెలుస్తుందిలే' అని ఒక్క ఆ అవ్వకు తప్ప.