సారు నమ్మని నడుము

మా పీఈటీ సారు పోయారని మొన్న పొద్దున స్నేహితురాలు ఫోన్ చేసింది. "నిజమేనా? ఎవలు చూసిన్రు?" అని అడిగాను. ఇంకెవరైనా అయితే ముందు ఏడ్చేవారు. నేను ఆ సారు దగ్గర కబడ్డీ నేర్చుకున్నదాన్ని, కళ్లతో చూడనిదే ఏదీ నమ్మను. సిద్దిపేటలో వాళ్లింటికి పోయి, వాకిట్లో పడుకోబెట్టిన సారును చూశాకే ఏడుపొచ్చింది.

అంత అనుమానపు మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆటకు ముందు మమ్మల్ని ఒంటికాలి మీద గెంతమనేవారు. "ఏం నొస్తలేదు సార్" అంటే చెవిన పెట్టేవారు కాదు, మా ముఖాలే చూసేవారు. పెదవి కొరికిన పిల్ల ఆ రోజు బయట కూర్చోవాల్సిందే. "నోరు అబద్ధం చెప్తది గని, ఎముక చెప్పది" అనేవారు. మట్టిలో పుల్లతో తొడ ఎముక, మోకాలి చిప్ప, వెన్నుపూసలు గీసి చూపించేవారు. "మీ వయసుల ఎముకల కొసలు ఇంకా పచ్చిగనే ఉంటయి. కండ అలిగితే నాలుగొద్దులకు మాట్లాడతది. ఎముక అలిగితే ఏండ్లకేండ్లు పలకది."

పదో తరగతిలో, రాష్ట్ర జట్టు సెలక్షన్ దగ్గరపడ్డప్పుడు నాకు నడుము నొప్పి మొదలైంది. పట్టేసిందనుకుని అమ్మ నన్ను పక్కింటి పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పెద్దమ్మ ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అట్లా పుట్టినవాళ్లు కాలితో తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. బోర్లా పడుకుంటే మెల్లగా తన్నింది. నొప్పి తగ్గినట్టే అనిపించింది.

సంగతి సారుకు తెలిసింది. "పెద్దమ్మ కాలు మంచిదే. లోపల నీ ఎముక మంచిగున్నదని ఎవలు చూసిన్రు?" అని, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నారు. వంగాను. ప్రాణం పోయినంత పనైంది, అయినా నవ్వాను. సారు నవ్వలేదు.

"వెనక్కి వంగితే నొస్తుందంటే నాకు వెన్నుపూస మీదనే అనుమానం. స్కానింగ్ తీయిద్దాం. సెలక్షన్‌కు నువ్వు రావు."

నా జాగాలో సెలక్షన్‌కు నారాయణరావుపేట పిల్ల పోయింది. సారు సొంతూరూ అదే. ఇంకేముంది, మా ఇంట్లో నిప్పు రాజుకుంది. "వాళ్ల ఊరి పోరిని తోలుతందుకే నీకు లేని రోగం అంటగడుతుండు" అన్నాడు బాపు. నాకూ అదే నిజమనిపించి సారంటే ఒళ్లు మండింది.

స్కానింగ్‌లో నడుము కింది వెన్నుపూసకు సన్నటి పగులు కనిపించింది. ఇట్లాగే ఆడితే ఆట పూర్తిగా పోవచ్చన్నాడు డాక్టర్. బాపు అప్పటికీ మెత్తబడలేదు. "ఇంకో దవాఖానల చూపిస్తా" అన్నాడు. "చూపియ్యుండ్రి. నన్ను ఊకనే నమ్మద్దు" అన్నారు సారు. అక్కడా అదే మాట చెప్పారు. బయటికొచ్చాక బాపు, మా వెంట వచ్చిన సారు కోసం చాయ్ తెప్పించాడు.

పగులు మానేదాకా ఆట బందైన ఆ నెలలన్నీ సారు నన్ను సాయంత్రం గ్రౌండుకు పిలిచి తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వదిలేస్తే దొంగచాటుగా ఆడతానని ఆయన అనుమానం. ఆ అనుమానమూ ముమ్మాటికీ నిజమే.

డాక్టర్ ఇక ఆడొచ్చన్నా సారు నమ్మలేదు. "నిలబడు. వంగు" అన్నారు. వంగాను. నొప్పి లేదు. "మళ్ల" అన్నారు, ఈసారి నా వెనక్కి వచ్చి. ఇంకా కిందికి వంగితే సారు నాకు తలకిందులుగా కనిపించారు. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, నా నడుముకు తగలకుండా, రెండు అరచేతులూ దాని కింద చాచి పట్టుకుని ఉన్నారు.