ఒంటిచేతి లౌజు

కొత్తపేట అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసే సూర్యావతికి సాయం అంటే గిట్టదు. ఎదుటివాళ్ళకు చెయ్యమంటే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరిగెడుతుంది. తనకు చేస్తామంటే మాత్రం తేలు కుట్టినట్టు ఎగిరిపడుతుంది. గ్యాసు బండ ఒక్కతే దొర్లించుకొస్తుంది. నడుం పట్టేస్తే మందు వీధిగోడకు పూసి, దానికేసి రుద్దుకుంటుంది. ఇలాంటి మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆటో నడుపుకునే ఆమె మొగుడు గణపతిని అడగండి. చెప్పడు. ఆవిడ వింటుందని భయం.

ఆయా నుంచి టీచరు కావాలంటే పదో తరగతి పాసవ్వాలన్నారు. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ, లెక్కలు ఆమెను మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. పక్కింట్లో రేచల్ టీచరుగారున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏడాది పొడుగునా సాయంత్రాలు కూర్చోబెట్టి, విసుక్కోకుండా చెప్పారావిడ. అది సాయమని సూర్యావతి ఒప్పుకుంటేనా! "పాపం టీచరుగారికి తోచట్లేదంటే, కాలక్షేపానికి కూర్చుంటున్నానండీ" అని వీధంతా చాటింది.

పరీక్ష దగ్గరపడేసరికి ఈ ధీమా అంతా చల్లబడింది. అప్పనపల్లి వెళ్ళి బాలబాలాజీకి దండం పెట్టుకుంది. "సామీ, గట్టెక్కించు. బస్తా కొబ్బరికాయల లౌజు చేసి నీ భక్తులకి పంచుతాను. పీచు ఒలవడం కాణ్ణించి ఉండ చుట్టేదాకా నా చేతులే. ఇంకో చెయ్యి పడిందా, అది మొక్కే కాదు."

దేవుడితో బేరంలో కూడా పొగరేమిటో! మొత్తానికి పాసైంది. సోమవారం టీచరుగా చేరమని కబురొచ్చింది. ఆ కబురు విన్నప్పటి నుంచీ ఆమెకు మనశ్శాంతి కరువైంది. మొక్కు తీర్చకుండా ఆ కుర్చీలో ఎలా కూర్చోవడం? అన్నం సయించదు, కూర్చున్నచోట కూర్చోలేదు. శనివారం గుడికి లౌజు చేరి తీరాలి.

శుక్రవారం పొద్దున్నే బస్తా విప్పింది. పీచు ఒలిచింది, కొట్టింది, కోరింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మొదటి మూకుడు పొయ్యి మీద ఉండగానే మిగతా చిప్పలు కోరడానికి లేచింది. అడుగంటిపోయింది. లౌజు చేసినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు, బెల్లప్పాకంలో కొబ్బరి పడ్డాక గరిటె ఆపకూడదు. మాడితే దేవుడికి కాదు కదా, పిల్లికి కూడా పనికిరాదు.

మిగిలిన కొబ్బరంతా రెండో మూకుట్లో వేసి, రెండు చేతులా గరిటె పట్టుకుని తిప్పుతోంది. సరిగ్గా అప్పుడు ముక్కు దురద పెట్టింది.

మూతి తిప్పింది. భుజం ఎగరేసింది. అందలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గోకనా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ గణపతి.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. అదీ సాయమే."

"ముక్కు లౌజులో పడదు కదే! అయినా పెళ్ళిలో నీ చెయ్యి నా చేతిలో పెట్టేరు. అప్పట్నుంచి నా చేతులు నీ చేతులే. ఇంకో చెయ్యి ఎక్కడొచ్చింది?"

"అంట్లు తోమేటప్పుడు ఈ శాస్త్రం గుర్తురాలేదేం మీకు?"

ఈ రభస విని రేచల్ టీచరుగారు పెరటి దారిన వచ్చారు. సంగతంతా గణపతి చెప్పాడు.

"నాకివ్వండి సూర్యావతిగారూ, నేను తిప్పుతాను" అన్నారావిడ. "నేను చర్చికెళ్ళేదాన్ని. మీ సామి నా చెయ్యి లెక్కలో వేసుకోరులెండి."

సూర్యావతికి ఆశ పుట్టింది. బొబ్బలు మండుతున్నాయి, ముక్కు ప్రాణం తీస్తోంది. కానీ అబద్ధమాడలేకపోయింది.

"అలా అనకండి టీచరుగారూ. సామి అందర్నీ లెక్కలో వేసుకుంటారండి."

"ఆయ్, అలాగా అండీ? అయితే ఏడాదంతా నేను లెక్కలు చెప్తుంటే కూడా చూసే ఉంటారు కదండీ. అప్పుడు లేని అడ్డు ఇప్పుడెందుకొచ్చింది?"

సూర్యావతి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అడుగంటుతోందండీ!" అని రేచల్ టీచరుగారు గరిటె లాక్కున్నారు. సూర్యావతి పీట మీద కూలబడి ముందు ముక్కు మనసారా గోక్కుంది. తరవాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి సాయమూ లేకుండా పాసయ్యానని ఎంతమందికి చెప్పుకుంది! సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎందుకో, గుండె బరువు దిగింది. ఉండలు చుట్టడానికి మొగుణ్ణి తనే పిలిచింది. ఆయన చుట్టినవి ఒక్కటీ గుండ్రంగా రాలేదు. అయినా పల్లెత్తు మాట అనలేదు.

శనివారం రేచల్ టీచరుగారు కూడా ఆటోలో అప్పనపల్లి వెళ్ళారు. లోపలికి వెళ్ళకుండా ఆటోలోనే కూర్చున్నారు. లౌజు పంచి తిరిగొచ్చిన సూర్యావతి, సీటు కింద నుంచి చిన్న స్టీలు డబ్బా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"మీరు ప్రసాదం తినరని తెలుసండి. అందుకే నైవేద్యం పెట్టకముందే తీసి ఉంచేను."

"అయ్యో, సామికన్నా ముందు నాకా? తప్పు కాదండీ?"

"అదీ సామినే అడిగేనండి. లెక్కలు నేర్పింది మీరేనని కూడా చెప్పేసేను."

"ఏమన్నారు?"

"ఏమంటారండీ, ఆయనకి ముందే తెలుసు" అంది సూర్యావతి, టీచరుగారి చెయ్యి పట్టుకుని. "తెలీంది నాకొక్కదానికే."