వట్టికాలితో తొక్కిన గిటార్

సూర్యప్రకాష్ ఎడమ పాదం పోయింది. షుగర్ వల్ల అని డాక్టర్లు కాగితం మీద రాశారు. ఆ కాగితంలో నా పేరు లేదు. ఉండాల్సింది.

పటమటలో అందరం అతన్ని సూర్యం అంటాం. యాభై రెండేళ్ళు. పగలు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్లో కౌంటర్ మీద కూర్చుంటాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో మా ఆర్కెస్ట్రాలో హవాయి గిటార్. అంటే గిటార్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడంచేత్తో ఇనప కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించేది. నేను తబలా. అతనికంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి. ఆ నాలుగేళ్ళ హక్కుతో అతని మీద జోకులు వేస్తూ బతికాను.

రెండేళ్ళ కిందట ఓ సాయంత్రం రైతుబజారు దగ్గర ఎదురొచ్చాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు.

"రెండోది ఎవరికి దానం చేశావయ్యా?" అన్నాను.

కిందికి చూసుకుని పాలిపోయాడు. ఎక్కడ జారిందో తెలీదట. వెతుక్కుంటూ వెళ్తే మూడు వీధుల అవతల దొరికింది. ఆ కథని నేను ఆరు నెలలు చెప్పుకు తిరిగాను, ఒకసారి మైకులో కూడా. అతనూ నవ్వేవాడు. కాలికింద చెప్పుందో లేదో తెలియని మనిషికి ఏదో అయిందని స్టేజీ మీద ఉన్న పదకొండు మందిలో ఒక్కడికీ తోచలేదు. అతనికి మాత్రం తోచింది. చెప్పలేదు.

హవాయి గిటార్ ముక్కల్ని కీబోర్డువాడే మీట నొక్కి వాయించేస్తుంటే సూర్యానికి పిలుపులు తగ్గాయి. అప్పుడు పెడల్ స్టీల్ గిటార్ అతని తలకెక్కింది. అది ఒళ్ళో కూర్చోదు, బల్లలా తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. కింద పెడళ్ళుంటాయి, మోకాళ్ళకి తగిలేట్టు మీటలుంటాయి. పెడల్ తొక్కితే లోపల కడ్డీ తీగని లాగుతుంది. మోగుతున్న స్వరం మోగుతూనే పైకి పాకుతుంది, ఏడుపు ఆపుకునే మనిషి గొంతులా.

"ఇది కీబోర్డువాడి వల్ల కాదన్నయ్యా," అన్నాడు.

బెంగుళూరులో ఒకాయన పాతవి అమ్ముతున్నాడని తెలిసింది. వీడియో కాల్లో పెళ్ళిచూపులు మొదలయ్యాయి. మొదటిది రెండు మెడలది, అంటే రెండు వరసల తీగలు, ఎనిమిది పెడళ్ళు, మంచమంత ఉంది. ఇంకోటి ఒకే మెడ, పది తీగలు, మూడు పెడళ్ళు. నేను పెద్దదానికే ఓటేశాను, స్టేజీ మీద కనబడాలి కదా. సూర్యం భార్య సుధామణి తొంగిచూసి, "దాన్ని ఇంట్లో పెడితే మేమెక్కడ పడుకోవాలి అన్నయ్యగారూ," అంది. సూర్యం మాత్రం ఒకటే అడిగాడు: పెడళ్ళ మధ్య ఎడం దేంట్లో ఎక్కువ? వింత ప్రశ్న అనుకున్నాను. ఏ పెడల్ మీద ఉందో తన కాలికి తెలియనివాడు అడిగే ప్రశ్న అది.

చిన్నదే ఖాయమైంది. ఇంక సరంజామా. బెంగుళూరాయన చెబుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. బరువైన స్టీలు కడ్డీ, వేళ్ళకి తొడుక్కునే గోళ్ళు, కుడికాలి కింద వాల్యూమ్ పెడల్, ఆంప్లిఫయర్, మోకాలి ఎత్తుకి సరిపడే స్టూలు. కడ్డీని సూర్యం కూరగాయలు తూచినట్టు అరచేతిలో ఊపి ఊపి ఎంచుకున్నాడు. స్టూలు కోసం టేపుతో మోకాలి ఎత్తు కొలిచింది నేనే. స్టూలు మీద లుంగీతో కూర్చుని చూపిస్తే, లుంగీ పోయి మోకాలి మీటకి చుట్టుకుంటుందని బెంగుళూరాయన ఫోన్లోనే నవ్వాడు. జాబితాలో ఆఖరిది, పల్చటి సోలున్న బూట్లు.

నేను ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేశాను.

"వాయిద్యాన్ని బూటుకాలితో తొక్కుతావుటయ్యా? కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం."

"ఎలాగూ కాలితోనే కదన్నయ్యా తొక్కేది."

"వట్టికాలు వేరు. దణ్ణం పెట్టుకుని తొక్కు."

వాదిస్తాడనుకున్నాను. వెంటనే ఒప్పేసుకున్నాడు. నా మాటకి విలువిచ్చాడని పొంగిపోయాను.

వాళ్ళింట్లో చోటులేక గిటార్ మా వరండాలో దిగింది. పెడళ్ళు మరీ కిందికి ఉన్నాయని ఆటోనగర్ లేతు మిషన్ ముస్తఫాని పిలిచాం. పెడళ్ళ కడ్డీలు కోసి, ఒక పెడల్‌కి కొత్త రేకు బిగించాడు. అంచు మీద బొటనవేలు పోనిచ్చి ముఖం చిట్లించాడు.

"కొంచెం గీరుతోంది మాస్టారూ. ఆకురాయి తెచ్చి రేపు రుద్దుతా."

సూర్యం ఎడమ పాదం పెట్టి చూశాడు. "ఏం గీరట్లేదు ముస్తఫా భాయ్. బాగుంది. వదిలెయ్."

రోజూ సాయంత్రం సాధన. చెప్పులు గుమ్మం బయట వదిలి, పెడల్‌కి దణ్ణం పెట్టి కూర్చునేవాడు. తీగల కేసి చూడకుండా కాళ్ళకేసి చూస్తూ వాయించేవాడు. "కిందేం పారేసుకున్నావయ్యా," అనేవాణ్ణి. నెల తిరిగేసరికి ఆ గిటార్ ఏడవడం నేర్చింది. మా వీధిలో కుక్కర్లు కట్టేసి మరీ వినేవాళ్ళు.

దసరాకి ఆయుధపూజ చేశాను. తబలాకి బొట్టు పెట్టాను. పెడళ్ళకి పసుపు రాసి కుంకుమ దిట్టంగా అద్దాను, తొక్కుతున్నందుకు క్షమించమని. ఆ తర్వాత వారం పాటు పెడల్ కింద బండ మీద ఎర్రటి మరక. తుడిస్తే మర్నాటికి మళ్ళీ వచ్చేది.

"కుంకుమ ఇంకా రాలుతోందే," అన్నాను.

సూర్యం వంగి చూసి, "మీరు మరీ దట్టించారన్నయ్యా," అన్నాడు.

దసరా అయిన తొమ్మిదో రోజున సుధామణి దుప్పటి ఉతకబోయి వాసన పట్టింది. ఎడమ బొటనవేలి కింద గుంట, లోపల ఎముక దాకా. అతనికి నొప్పి లేదు. ముందు వేలు తీశారు. పది రోజులకి పాదం తీశారు.

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి సుధామణి అడిగింది, "వట్టికాళ్ళతో తొక్కమని ఎవరు చెప్పారు మీకు?"

"నేనే అనుకున్నా," అన్నాడు సూర్యం. "బూటుంటే పెడల్ అసలు తెలీదు. వట్టికాలైతే కాస్తయినా తెలుస్తుందేమోనని ఆశ. రెండేళ్ళయింది, పాదాలు నావి కావు."

"రెండేళ్ళు నా పక్కన పడుకుని చెప్పలేదా?"

"చెబితే గిటార్ కొననిస్తావా?"

నేను కిటికీలోంచి పార్కింగు చూస్తూ నిలబడ్డాను. ఆ బూట్లు కొట్టేసింది నేనని అనడానికి నోరు తెరిచాను కూడా. నర్సు వచ్చింది. మళ్ళీ మూశాను.

ఇరవై రోజుల తర్వాత వాళ్ళింటికెళ్ళి సుధామణితో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు.

"తెలుసు అన్నయ్యగారూ. ఆ జాబితాలో బూట్ల మీది గీత ఎర్రది. మా ఇంట్లో ఎర్ర పెన్ను లేదు."

చేట పక్కన పెట్టి చెప్పింది, "నేను అయిదింటికే హాస్టల్ మెస్సుకి వంటకి పోవాలి. ఆయన వంగలేరు. అద్దంలో చూసుకుని బాగుందంటారు. రోజూ పొద్దున మీరొచ్చి ఆ కుడి పాదం చూడండి."

అప్పట్నుంచీ నా పని అది. మొదటి రోజు సూర్యం కాలు లాగేసుకున్నాడు. "మీరు పెద్దవాళ్ళు. నా కాలు పట్టుకుంటే నాకు పాపం." నేను జోకు వెయ్యబోయాను, రాలేదు. వేళ్ళ సందులు, మడమ, అరికాలు, అన్నీ వేలితో తడిమి చూస్తాను. ఎక్కడ ముట్టుకున్నానో అతనికి తెలీదు. గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

ముస్తఫా వాల్యూమ్ పెడల్ తీసేసి, మిగతా పెడళ్ళు మూడూ కుడిపక్కకి మార్చాడు. అంచులు ఒకటికి నాలుగుసార్లు రుద్దాడు. ఇప్పుడు ఆ కాలికి బూటుంది. ఒక్క కాలితో సూర్యం మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకున్నాడు. ఉయ్యూరులో ఆదివారం పెళ్ళికి పిలుపొచ్చింది, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిది.

శుక్రవారం పొద్దున మడమ పక్కన శనగగింజంత ఎరుపు కనబడింది. నొక్కితే వేడిగా ఉంది.

నా ముఖం చూసి అతనికి అర్థమైంది. "ఎంతుంది?"

"చిన్నదే."

"ఆదివారం దాటనివ్వండన్నయ్యా. రెండు రోజులేగా. సోమవారం నేనే వెళ్ళి చూపించుకుంటా. సుధకి చెప్పకండి."

ఫోను తీశాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. కడ్డీ పట్టిన చెయ్యి, చాలా బలం. విడిపించుకుని సుధామణికి చెప్పాను. అవతల మెస్సులో గిన్నెల చప్పుడు ఆగింది.

"కాలు కింద పెట్టనివ్వకండి. ఆటోలో వస్తున్నా."

సూర్యం ముఖం గోడకి తిప్పుకున్నాడు. ఆటో వచ్చేదాకా ఆ పాదం నా ఒళ్ళోనే ఉంది.