మోటారు తాగిన రెండు బిందెలు

మా పెరటి బావి గట్టున, నాయన తన చేత్తో కట్టుకున్న రాతిదిమ్మె మీద మోటారు ఉండేది. ఏటా నీళ్లు కిందికి పోయేవి. నాయన కింద ఇంకో పైపు ముక్క అతికించేవాడు. పైపు మరచుట్లకు జనపనార చుట్టి, తెల్లరంగు పూసి, బిగించి, ఇంక చాలు అనేవాడు. ఆ మాట బావికి వినపడేది కాదు. మోటారును మాత్రం లోపలికి దించలేదు. గోడరాళ్లు కదులుతున్నాయి, దించితే దాంతో పాటు మనమూ దిగిపోతాం అనేవాడు. అదీ నిజమే.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం. నేను అనంతపురంలో ఫిజిక్సు పూర్తి చేసి, ఇంట్లో ఇంకో నోరుగా చేరి ఉన్నాను. ఊరి బోరింగు దగ్గర ఇంటికొక బిందె ఇచ్చేవాళ్లు, అది మనుషులకు. బర్రెకని అమ్మ ఎలాగో కూడబెట్టిన రెండు బిందెలు, అది మేత తినే గాడి పక్కన ఉన్నాయి. సాయంత్రం రాప్తాడు వైపు నుంచి బర్రెను కొనే బేరగాడు వస్తానన్నాడు. మోటారు నీళ్లు లాగితే అతన్ని ఊరికే పంపేయాలని నాయన ఆశ.

పైపు అడుగున ఫుట్‌వాల్వులో తోలు ఎండిపోయి, మోటారు లాగడానికి ముందుగా పైనుంచి పోసిన నీళ్లు పైపులో నిలవకుండా బావిలోకి జారిపోయేవి. దానికి మా వైపు మందు పేడ. పలచగా కలిపి పోస్తే ఆ పిప్పి తోలు సందుల్లో ఇరుక్కుని నీళ్లు ఆగుతాయి. చాలాసార్లు ఆగేవి కూడా. వచ్చిన చిక్కల్లా అదే.

నాయన రెండు బిందెల్లోనూ పేడ కలపబోయాడు. నీళ్లు మరీ లోతుకు పోయినాయి, ఇంక లాగదు అన్నాను.

"పోయకుంటే రావురా. ఈ ముక్క మీ కాలేజీలో చెప్పలేదా?"

"చెప్పినారు నాయనా. పాతిక అడుగులు దాటితే పోసినా రావని గూడా చెప్పినారు."

"బావికి చెప్పినారా?"

అమ్మ ఖాళీ గాడిలోకి చూస్తూ నిలబడింది. నాయన మోచేతి దాకా ముంచి కలిపి, మోటారు నెత్తిన పోశాడు. ఈసారి నీళ్లు ఆగాయి. కరెంటు రాగానే మీట వేశాడు. మోటారు మూలిగింది, పైపు వణికింది, దోసెడు పేడనీళ్లు కక్కింది, తర్వాత ఉత్త గాలి. మేం పోసినదాంట్లోంచే కొంత తిరిగిచ్చింది. నిజాయితీ గల యంత్రం.

అమ్మ పక్కింటికి పోయి ఒక చెంబు నీళ్లు అడిగి తెచ్చింది. చేయి కడుక్కోమని నాయన ముందు పెట్టింది. ఆయన దాన్ని బర్రె మూతి కిందికి జరిపాడు. గుటకలో అయిపోయింది. ఇంకా ఉందేమోనని అది చెంబును నాకుతూనే ఉంది.

బేరగాడు చెప్పిన వేళకే వచ్చాడు. పశువుల బేరం మా వైపు నోటితో చెయ్యరు. తువ్వాలు కింద చేతులు కలిపి, పట్టుకున్న వేళ్ల లెక్కన ధర చెప్పుకుంటారు. నాయన చేయి పెట్టాడు. బేరగాడు పట్టుకున్నవాడల్లా ఒక్క క్షణం ఆగాడు. ఎండిన పేడ చేతికి గరగరా తగిలి ఉంటుంది.

"బావి గూడా పాయనా అన్నా?" అన్నాడు, మెల్లగా.

"నువ్వు బర్రెను చూడప్పా."

తువ్వాలు కింద ఏం జరిగిందో నాకు కనపడలేదు. ఒక వేలు తగ్గడం మాత్రం నాయన మొహంలో కనపడింది.