గులాబీ రంగు నమూనా ఓటు

కొందరు తపాలా బిళ్ళలు పోగేస్తారు, కొందరు పాత నాణేలు. వాటికి ఒక మర్యాద ఉంది. ఇంటికొచ్చిన చుట్టానికి చూపిస్తే తల ఊపి, కాఫీ తాగి, మంచి అలవాటని చెప్పి పోతాడు. నేను పోగేసింది ఎన్నికల కాగితాలు. కరపత్రాలు, గోడపత్రికలు, ఓటరు చీటీలు, చొక్కాకు గుచ్చుకునే రేకు బిళ్ళలు. వాటిని చూపిస్తే చుట్టాలు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచేవాళ్ళు.

డెబ్భైల చివర్లో చిత్తూరులో ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. అద్దె గది గోడలకు పెచ్చులు ఊడుతుంటే, కనపడకుండా ఒక పాత గోడపత్రిక అంటించాను. పిచ్చి అక్కడ మొదలైంది. తర్వాత ఏ ఎన్నికలు ముగిసినా ఆ వారం రోజులూ నాకు పండగ. జనం గెలిచినవాళ్ళ వెనక ఊరేగుతుంటే నేను బొగ్గు ఇస్త్రీవాడి గోడ దగ్గర చిన్న చెంబుతో నీళ్ళు చల్లి, మైదా జిగురు నానేదాకా నిలబడేవాణ్ణి. ఒకసారి అట్లా మూడు పొరలు విడదీశాను. మూడింట్లోనూ ఒకే మనిషి, ఒకే మీసం, జోడించిన అవే రెండు చేతులు. గుర్తులు మాత్రం మూడు. పాపం, మనిషి మారకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో అనుకున్నాను.

మామిడికాయల మండీలో గంపల అడుగున పరిచే కాగితాల్లో మంచి సరుకు దొరికేది. బోండాల అంగట్లో ఇంకా మంచిది. అవినీతిని తుడిచి పారేస్తామని రాసిన కరపత్రం ఒకటి నూనె ఓడుతూ నా చేతికి వచ్చింది. అది తుడిచింది బోండాల నూనె ఒక్కటే. బోండాలు పక్కవాడికిచ్చి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అంగడి ఆయన నన్ను చూసి, "కడుపుకు తినేది ఇచ్చేసి కాగితం దాసిపెట్టుకునే వాణ్ణి నిన్నే సూస్తి అబ్బా" అన్నాడు.

నా దగ్గర లేనిది మా సొంత ఇంటి కాగితం. లేనిదని అనకూడదు, కట్టలుకట్టలు ఉంది. దాన్ని కాగితంగా లెక్కపెట్టాలని నాకు తోచలేదు.

మాది పలమనేరు. నాయనకు బజారులో బట్టల అంగడి. నేను ఉద్యోగానికి రాకముందు ఆయన పంచాయతీలో వార్డు మెంబరుగా పోటీ చేశారు. వార్డుకు సేవ చేయాలని ఆయనకు ఎందుకు అనిపించిందో వార్డులో ఎవరికీ తెలియదు. నిచ్చెన గుర్తు ఇచ్చారు. గట్టి పోటీ ఇచ్చే మనిషిది గొడుగు, పేరుకు ఇంకో ఇద్దరు నిలబడ్డారు. ఓటు ఎట్లా వేయాలో జనానికి చూపించడానికి అప్పట్లో అభ్యర్థులు నమూనా ఓటు కాగితాలు అచ్చు వేయించి పంచేవాళ్ళు. అసలుది తెల్లగా ఉంటుంది కాబట్టి ఇది రంగు కాగితం మీద ఉండాలి. నాయన గులాబీ రంగు ఎంచుకున్నారు. వార్డులో ఉన్న జనానికి మూడింతలు అచ్చు వేయించారు.

ఆ ఎన్నికలో నాయన ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

అంతటితో ఆగినా బాగుండేది. లెక్కపెట్టేటప్పుడు పెట్టెలో నుంచి ఒక గులాబీ కాగితం బయటపడింది. నిచ్చెన మీద ముద్ర చక్కగా, గీత కూడా తాకకుండా పడి ఉంది. అధికారి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించి, చెల్లదని పక్కన పడేశాడు. ఎవరో అసలు కాగితం బదులు నమూనా కాగితం వేసేశారు. గొడుగువాళ్ళు ఆ సాయంత్రమంతా నవ్వారు. ఆ ఒక్క ఓటూ చెల్లి ఉంటే ఇద్దరికీ సమానంగా వచ్చి, చీటీ తీసి ఉండేవాళ్ళు. నాయన మాత్రం ఆ ఓటు ఉంటే గెలిచి ఉండేవాణ్ణనే చెప్పేవారు. ఆ చీటీలో కూడా తన పేరే వస్తుందని ఆయనకు అనుమానం లేదు.

ఆ మొద్దు ఎవరో ఆయన ఆ రాత్రికే తేల్చేశారు. ఆయన సొంత అక్క, మా మేనత్త. మొగుడు పోయాక మా వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. అక్షరం ముక్క రాదు. పైగా, "అంగడి సూసుకోకుండా నీకెందుకురా ఈ నిచ్చెనలు" అని నామినేషన్ రోజే అన్న మనిషి. తీర్పు చెప్పడానికి నాయనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అత్త వచ్చి, "నేను యేసింది తెల్ల కాగితమే రా" అని చెప్పింది. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి ఆమె వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళు మా గడప తొక్కలేదు.

ఆ తొమ్మిదేళ్ళూ నాయన ఆ ఓటును వదల్లేదు. అన్నంలో ఉప్పు తక్కువైనా, అంగడిలో బేరం తప్పినా, వీధి దీపం వెలగకపోయినా, అన్నీ తిరిగి తిరిగి ఆ గులాబీ కాగితం దగ్గరికే వచ్చేవి. "సదువు లేని మనుసులకు ఓటు ఇచ్చినందుకు అనుభవిస్తా ఉండాం" అనేవారు. అమ్మ ఇంకో గరిటె పులుసు పోసేది.

ఎనభైల్లో మా చెల్లెలికి పెళ్ళి కుదిరింది. తిరుపతిలో సత్రం కూడా మాట్లాడారు. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు మొదటి చెయ్యి మేనత్తది. చెల్లెలు ఏడ్చింది, అత్త రాకపోతే నలుగుకు కూర్చోనంది. నాయన దిగివచ్చి ఒక షరతు పెట్టారు. "నాదే తప్పని ఒక్క మాట ఒప్పుకోమను. నేనే పోయి పిలస్తా." ఆయన దృష్టిలో అది చాలా పెద్ద మనసు. ఆ మాట ఊరంతా తిరిగి అత్త చెవిదాకా పోయింది. అటునుంచి జవాబు లేదు.

ఆ ఆదివారం నేను చిత్తూరు నుంచి బస్సు దిగి ఇంటికి వచ్చాను. అమ్మకు చేతులు పిండిలో ఉన్నాయి. తన పెట్టెలో నుంచి పెళ్ళి పట్టుచీర తీసి ఎండలో వేయమంది. ఆ పెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి, ఆ రోజు మరిచిపోయింది. చీర తీశాను. అడుగున పరిచిన కాగితం పాతదేమోనని ఆశగా ఎత్తి చూశాను. దాని కింద నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం.

అసలు ఓటు కాగితం. నాలుగు గుర్తులు, వెనక అధికారి సంతకం, వార్డు సంఖ్య. ముద్ర లేదు.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే ఎవరికైనా నా మీద అసహ్యం వేస్తుంది. చెబుతాను. దీన్ని ఏ అట్టకు అంటించాలి అని అనుకున్నాను. పోలింగు గది దాటకూడని కాగితం, దగ్గర పెట్టుకోవడమే నేరం, జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండదు. అత్త సంగతి దాని తర్వాత గుర్తొచ్చింది. కొంచెం తర్వాత కాదు, బాగా తర్వాత.

వంటింట్లోకి తీసుకుపోయి అమ్మకు చూపించాను. ఆమె పిండి చేతులు అట్లాగే ఉంచి కాగితం వంక చూసింది.

"మీ నాయన అచ్చేసిన కాగితంలో ఏముండాదో ఎప్పుడన్నా సదివినావా నువ్వు?" అంది.

చదవలేదు. జిల్లాలో ప్రతి అడ్డమైన కరపత్రమూ చదివినవాణ్ణి, ఇంట్లో అటక మీది కట్ట విప్పలేదు. ఇప్పుడు విప్పాను. నిచ్చెన బొమ్మ కింద పెద్ద అక్షరాలతో ఉంది: "ఈ కాగితం మీదనే ముద్ర వేయండి. వేరే ఏ కాగితాన్నీ నమ్మకండి, ముట్టుకోకండి." గొడుగువాళ్ళు నిచ్చెన బొమ్మను తప్పు వరసలో పెట్టి దొంగ నమూనాలు పంచుతున్నారని అప్పట్లో ఒక పుకారు. దానికి నాయన కనిపెట్టిన విరుగుడు ఇది. కింద ఆయన పేరు, సంతకం అచ్చు.

"ఆ ఆఫీసరు నాకొక తెల్ల కాగితం ఇచ్చినాడు" అంది అమ్మ. "దాంట్లో గొడుగు ఉండాది, మంచం ఉండాది, మన నిచ్చెన యాడో అడుగున ఉండాది. మీ నాయనేమో ఏరే కాగితం ముట్టుకోవద్దని రాసినాడు. సరే అని గులాబీ దాని మీద గుద్ది పెట్టెలో యేసినా. తెల్లది ఆడనే పెడితే ఎవురన్నా గొడుక్కి గుద్దేస్తారని కొంగున కట్టుకోని వచ్చేసినా."

అమ్మ ఐదో తరగతి చదివింది. నాయన రాసింది రాసినట్టు చదివి, చదివింది చదివినట్టు చేసింది. అత్తకు చదువు రాదు కాబట్టి సరిగ్గా వేసింది. వార్డు మొత్తం మీద ఆ కరపత్రాన్ని నమ్మి ఆచరించిన మనిషి ఒక్కతే, ఆమె అభ్యర్థి భార్య.

"నాయనతో ఎందుకు సెప్పలేదు మా?"

"అన్నం పెట్టి సెప్దామనుకుంటి. అన్నం ముందరే మీ అత్త పేరు ఎత్తుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆయమ్మ కాడికి పోయి అంతా సెప్పేసినా."

"అత్తకు తెలుసా?"

"నువ్వు ఆ మనిషితో కాపరం సెయ్యాల్సినదానివి, నాది ఏరే ఇల్లు, నన్నే అనుకోనీలే, రెండు దినాలకు మర్సిపోతాడు అనింది."

రెండు దినాలు. అమ్మ కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. కాగితం మళ్ళీ మడతలు పెట్టి, తీసిన చోటే పెట్టేశాను. అది నా సేకరణలో ఇప్పటికీ లేదు.

నాయన అంగడి నుంచి వచ్చాక గులాబీ కాగితం ఒకటి చేతికిచ్చి చదవమన్నాను. అమ్మ మాట ఎత్తకుండా పని జరుగుతుందని నా ఎత్తు. ఆయన మైకు ముందు నిలబడ్డట్టే గట్టిగా మొదలుపెట్టారు. "వేరే ఏ కాగితాన్నీ" దగ్గర గొంతు తగ్గింది. ఎవరో రాసింది చదువుతున్నట్టు రెండోసారి చదువుకున్నారు.

"అచ్చేసినోడు తప్పు యేసినాడు" అన్నారు.

"కింద నీ సంతకమే ఉండాది నాయనా."

"అయితే మా అక్క ఇది సదివేసి..."

"అత్తకు సదువు రాదు గదా."

ఆయన ఆ కాగితాన్ని మడిచారు, విప్పారు, మళ్ళీ మడిచారు. మరెవరని అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. "తాంబూలం సిద్ధం సెయ్యమను. మా అక్క కాడికి పోవాల" అన్నారు.

ముగ్గురం వెళ్ళాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అమ్మ చేతిలో పసుపు, కుంకుమ, చీర పెట్టిన పళ్ళెం. అత్త గడపలో నిలబడి ఉంది. నాయన దారంతా ఏదో మాట కూడబలుక్కుంటూ వచ్చి, నోరు తెరిచేలోపల ఆమే అందుకుంది.

"నేనే యేసినాలేరా ఆ గులాబీ కాగితం. తప్పయిపోయింది. పిల్ల పెళ్ళికి రానీ."

నేను నాయన ముఖం చూశాను. అది ఆమె వేసింది కాదని ఆయనకు అరగంట ముందే తెలుసు. ఆ తప్పు తనదేనని చేత్తో పట్టుకుని చదివారు. ఒప్పుకుందామనే వచ్చారు కూడా. కానీ ఎదుటి మనిషి ఊరికే ఇస్తుంటే వద్దనేంత గొప్పవాడు ఎవరుంటారు? భుజాలు నిటారుగా పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అట్ల సెప్పు మరి. అయిపోయిందేదో అయిపోయింది. నేను మర్సిపోయినా."

ఆ మనిషి వార్డు మెంబరు కాకపోవడం ఊరికి ఎంత నష్టమో నాకు ఆ క్షణంలో తెలిసింది.

అమ్మ పళ్ళెం గడప మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆ కాగితం యేసింది వదిన కాదు, నేను. మీరు రాసినట్టే యేసినా. అసలు కాగితం నా పెట్టెలో ఉండాది, పోయి సూసుకోండి. తొమ్మిదేండ్లు ఈ మనిషి నా కోసరం మాట పడింది."

నాయన అమ్మను చూశారు, అక్కను చూశారు. మెట్టు మీద అట్లాగే కూర్చుండిపోయారు. అత్త లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ ఇంటి నీళ్ళు. ఆయన చెంబు ముట్టుకోలేదు. తల వంచుకుని ఏడుస్తున్నారని కాసేపటికి గాని నాకు అర్థం కాలేదు.

"తాగురా" అంది అత్త. "తాగి, ఆ పిలిసేదేదో సరిగ్గా పిలువు. నువ్వింకా నన్ను పిలవనే లేదు."

ఓట్ల కోసం వార్డులో ప్రతి ఇంటి ముందూ చేతులు జోడించిన మనిషి. సొంత అక్క ముందు ఆ రెండు చేతులూ దగ్గరికి తేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.