చెన్నూరు పడవ లోపలి లోతు

మా బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో పనిచేశాడు. భూమి లోపల అంత చీకట్లో తిరిగినా ఒక్క దయ్యం ఎదురుకాలేదని నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు వింటూ పెరిగినదాన్ని నేను. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే లేచిపోయేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు లేచిపోయినా తప్పు పట్టను.

కరీంనగర్‌లో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాం. వాటితో పాటు మూడు నెలలకోసారి ఒక పత్రిక కూడా చేస్తాను. పాత చెక్క పడవలంటే పిచ్చి ఉన్న కొద్దిమందిమి ఒక క్లబ్ పెట్టుకున్నాం, దాని పత్రిక అది. వంతెనలు వచ్చాక గోదావరి మీద రేవులు మూతబడ్డాయి. పడవలు కొట్టాల్లో చెదలు పట్టి పోతున్నాయి. అవి పూర్తిగా పోకముందే కొలతలు తీసి, ఫోటోలతో, నడిపినవాళ్ల ముచ్చట్లతో అచ్చు వేస్తాం. సంచికకు ఒక పడవ.

రెండేళ్ల కిందటి ఎండాకాలం, చెన్నూరు దగ్గర ఒక ఊళ్లో పాత టేకు పడవ ఉందని తెలిసింది. బాగుచేసి నీళ్లలోకి దించి, మా ఇళ్ల పిల్లలందరినీ ఎక్కించాలని మా అధ్యక్షుడి ఆశ. ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ముందుగా చూసి రమ్మని నన్నూ, జబ్బార్ భాయ్‌నీ పంపాడు. జబ్బార్ వడ్రంగి. మా క్లబ్‌లో చెక్క సంగతి నిజంగా తెలిసినవాడు ఆయనొక్కడే.

పడవ ఒక రేకుల కొట్టంలో ఉంది. నది అక్కడికి కిలోమీటరు దూరం. కింద నాలుగు మొద్దులు పెట్టి దాన్ని నిలబెట్టారు. ఇంటామె పేరు లచ్చవ్వ, డెబ్బై దాటిన మనిషి. భర్త ఆ పడవ నడిపేవాడట, చనిపోయాడు. మమ్మల్ని లోపలికి రానిచ్చింది గానీ ఒక మాట గట్టిగా చెప్పింది.

"సుట్టూ దిరిగి కొల్సుకోండ్రి బిడ్డా. లోపటికి మాత్రం ఎక్కకుండ్రి."

చెక్క పుచ్చిపోయి ఉంటుందని అలా అంటోందనుకున్నాను. ఆమె మజ్జిగ తేవడానికి ఇంట్లోకి పోయింది. జబ్బార్ సుత్తితో పలకలు తట్టి చూశాడు. "గట్టిగనే ఉన్నది అక్కా. ఏనుగు ఎక్కినా ఏం గాదు" అన్నాడు.

పొడవు, వెడల్పు రాసుకున్నాం. లోపలి లోతు ఒక్కటే మిగిలింది. దానికి ఎక్కక తప్పదు. చెప్పులు విడిచి ఎక్కాను. అడుగు పలకల మీద వేలెడు మందాన దుమ్ము ఉంది. మధ్యలో ఉన్న అడ్డపలక మీద కూర్చుని టేపు విప్పాను. అప్పుడు సుమారు పన్నెండున్నర. కొట్టం రేకుల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది.

మొదట పడవ ఊగింది. మొద్దు కదిలిందేమో అనుకున్నాను. కానీ అది జారినట్టుగా లేదు. రేవు వదిలిన పడవ ఎలా ఊగుతుందో అలా, మెల్లగా, అటొకసారి ఇటొకసారి.

తర్వాత పాదాలకు చల్లగా తగిలింది.

కిందికి చూశాను. పలకల మీద దుమ్ము అలాగే ఉంది. నీళ్లు కనబడటం లేదు. కానీ నా కాళ్లు నీళ్లలో ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి ఒరుసుకుంటూ నీళ్లు పైకి వస్తున్నాయి. చీలమండలు దాటాయి. పిక్కల దాకా వచ్చాయి. లేవబోతే కాళ్లు రాలేదు. ఎవరో పట్టుకున్నట్టు కాదు, ఒండ్రులో దిగబడిపోయినట్టు.

అరిచాను. జబ్బార్ నాకు నాలుగడుగుల దూరంలో, నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఫోన్ పట్టుకుని నావైపే చూస్తున్నాడు. "జబ్బార్ భాయ్, చేయి ఇయ్యి" అని గొంతు చించుకున్నాను. ఆయన తల ఊపి నవ్వాడు. నా అరుపు నాకే వినబడటం లేదని అప్పుడు తెలిసింది. చెవుల్లో నీళ్ల హోరు తప్ప ఇంకేమీ లేదు. చల్లదనం మోకాళ్లకు చేరింది. చచ్చిపోతున్నానని అనుకున్నాను. పొడి కొట్టంలో, పట్టపగలు, మనిషి చూస్తుండగా.

ఎవరో నా జుట్టు పట్టి వెనక్కి గుంజారు. లచ్చవ్వ. పడవ అంచు మీదుగా నేను నేల మీద పడ్డాను. పక్కన మజ్జిగ చెంబు దొర్లి ఉంది.

నా సల్వార్ మోకాళ్ల దాకా తడిసి నీళ్లు కారుతున్నాయి. జబ్బార్ ముఖం పాలిపోయింది. పడవలోకి చేయి పెట్టి తడిమాడు. దుమ్ములో నా అడుగులు తప్ప ఏమీ లేదు. చుక్క తడి లేదు.

"అల్లా కసమ్ అక్కా, నీ సప్పుడే రాలే. నోరు దెర్సి నవ్వుతున్నవనుకొని ఫోటో దీసిన" అన్నాడు.

లచ్చవ్వ నా పక్కన కూర్చుని తడి ఎక్కడిదాకా ఉందో చేత్తో చూసింది. "మోకాళ్ల కాడికే వచ్చినయా? బతికినవ్ బిడ్డా" అంది.

తర్వాత నేనడగకుండానే చెప్పింది. "రేవు బందైనంక దీన్ని ఈడ వెట్టిండు మా ఆయన. ఒకనాడు గిట్లనే పగటీలి ఎక్కి కూసున్నడు. నేను రొట్టె వట్కొని వచ్చేవరకు పానం లేదు. బట్టలు మెడ దాక తడ్సి ఉండె. డాక్టర్ గుండె ఆగిందన్నడు. గా తడి ఎక్కడిదని ఒక్కరన్న అడగలే."

"మరి ఇంకా ఎందుకు ఉంచుకున్నవ్ అవ్వా?" అన్నాను.

"ఎవ్వరికియ్యాలె? తీస్కపోయినోళ్లు ఎక్కరా?"

ఇంటికి వచ్చాక వారం రోజులు జ్వరం. మా క్లబ్‌లో ఒక పిల్లల డాక్టరు ఉన్నాడు, ఆయనే చూశాడు. వడదెబ్బ అన్నాడు. చెమటకు బట్టలు తడుస్తాయన్నాడు. నేను ఉతకకుండా దాచిన సల్వార్ తెప్పించి చూపించాను. ఆరిపోయాక మోకాళ్ల దగ్గర చుట్టూ ఒక గీత నిలిచింది. గీత కింద బట్టనిండా సన్నటి ఒండ్రు. డాక్టరు దాన్ని వేలితో రాసి చూసి, చేయి కడుక్కుని, బీపీ సంగతి మాట్లాడాడు.

మాస్టారు మాత్రం ఆ పడవను తెద్దామనే అన్నాడు. జబ్బార్ ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి. ఆ రోజు మాత్రం లేచి, "ఆ పడవకు నేను ఒక్క మేకు గూడ కొట్ట. పిల్లల్ని ఎక్కిస్తమంటే అడ్డం పండుకుంట" అని వెళ్లిపోయాడు. దాంతో ఆ మాట ఆగింది. పడవ ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను మంచం మీద ఉండగానే మిగతావాళ్లు సంచికను ప్రెస్‌కు పంపేశారు. కొలతల పట్టికలో లోపలి లోతు దగ్గర అంకె లేకుండా చిన్న గీత పెట్టి వదిలేశారు. కవర్ మీద వేయడానికి ఫోటో కావాలని జబ్బార్ ఫోన్‌లోవి అన్నీ తీసుకున్నారట. ఏది వేశారో నాకు కాపీ చేతికొచ్చాకే తెలిసింది.

ఏం జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. వడదెబ్బ అని నమ్మడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. మా పత్రికలన్నిటిలో ఆ కవరే బాగుందని ఇప్పటికీ ఫోన్లు వస్తుంటాయి. పడవలో కూర్చుని అంత హాయిగా నవ్వుతున్న మనిషిని ఎప్పుడూ చూడలేదంటారు.

థాంక్స్ చెప్పి పెట్టేస్తాను.